ఒడ్డుకు కాస్త ముందు

రేవులో అందరూ ఆయన్ని వసపిట్ట సరంగు అనేవారు. ఏళ్ల తరబడి ఏటికి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు లాంచీ నడిపిన మనిషి. చుక్కాని చేతికొస్తే చాలు, మాటలు కోటలు దాటేవి. ఒక కథ పూర్తికాకుండానే ఇంకోటి ఎత్తుకునేవాడు. అబద్ధమెందుకు, ఆయన లాంచీ ఏనాడూ ఒడ్డును గుద్దుకోలేదు. ఆయన కథ మాత్రం ఏనాడూ ఒడ్డుకు చేరలేదు.

ఇప్పుడాయన దిగిపోతున్నాడు. రేపటి నుంచి అదే లాంచీకి ఆయన కూతురే సరంగు. సాయంత్రం రేవులో చిన్న సభ. కూతురు తనకన్నా బాగా నడుపుతుందని నలుగురి ముందూ ఒక్క ముక్క చెప్పాలని ఆయన కోరిక. చెప్పబోయినప్పుడల్లా ఏదో వేళాకోళమాడి తప్పించుకునేవాడు, పాపం.

కూతురికి ఆ సంగతి తెలియదు. "నాన్నా, నీకు దణ్ణం పెడతాను, చాంతాడంత ఉపన్యాసం ఇవ్వకు. నా పెళ్లిలో నువ్వు మైకు వదిలేసరికి సగం మంది వెళ్లిపోయారు" అంది.

"మొదలుపెట్టడం వచ్చు గానీ ఆపడం రాదు తల్లీ."

బట్టలు మడతపెడుతున్న భార్య తలెత్తింది. "లాంచీ ఎలా ఆపుతారు? గట్టును గుద్దేదాకా ఇంజను నడుపుతారా?"

"ఛ! ఒడ్డు కాస్త దూరంలో ఉండగానే ఆపేస్తాను. తర్వాత అదే జారుకుంటూ వెళ్తుంది."

"నోరు కూడా అలాగే ఆపండి."

మధ్యాహ్నం కునుకులో ఆయనకో కల. తను మాట్లాడుతున్నకొద్దీ ఏరు వెడల్పవుతోంది. అవతలి గట్టు మీద కూతురు నిలబడి ఉంది, మాట మాటకీ చిన్నదైపోతోంది.

సభవేళకు ఏటి మీద మంచు దిగింది. ఆయన మైకు పట్టుకున్నాడు.

"చిన్నప్పుడు మా అమ్మాయి బక్కెట్టు బోర్లించి, దానిమీద నిలబడి చుక్కాని పట్టుకునేది."

అందరూ నవ్వారు. ఇంకేముంది, ఇంకో కథ నాలిక చివరికొచ్చింది. అంతలో మంచులో అవతలి గట్టు దీపం మసకగా కనిపించింది. ఆయన ఇంజను ఆపేశాడు.

"ఇప్పుడు తనకి ఆ బక్కెట్టు అక్కర్లేదు. నాకన్నా బాగా నడుపుతుంది."

మైకు కింద పెట్టాడు. ఇంకా ఏదో ఉందనుకుని ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రేవు మెట్లకు నీళ్లు తగులుతున్న చప్పుడే వినిపించింది. కూతురు కళ్లు తుడుచుకుంది.

సభయ్యాక అవతలి గట్టువాళ్లను దింపడానికి లాంచీని ఆమె నడిపింది. ఆయన జనం మధ్య బల్ల మీద కూర్చున్నాడు. ఒడ్డు ఇంకా చాలా దూరముండగానే ఇంజను ఆగింది. తనైతే అంత ముందు ఆపేవాడు కాదు. అయ్యో, తొందరపడిందే అని నోరు తెరిచాడు.

లాంచీ మంచులో నిద్రలో నడిచినట్టు సాగి, చిన్న కుదుపైనా లేకుండా రేవును తాకింది.

"ఏదో అనబోయావు నాన్నా?" అంది కూతురు వెనక్కి తిరిగి.

"ఇందాకే చెప్పేశానుగా తల్లీ" అన్నాడాయన.