నీళ్ళరంగుతో రాసిన పేరు

మొన్నామధ్య చైతన్యపురి మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే రెయిలింగులకు రంగు వేస్తున్నారు. ఎనామిల్ పెయింటులో టర్పెంటైన్ కలిసిన ఘాటు వాసన. కోచింగ్ పిల్లలంతా ముక్కులు మూసుకుని గబగబా దిగిపోతుంటే, నేను మాత్రం పులిహోర తాలింపు వాసన తగిలినట్టు అక్కడే నిలబడి గుండెల నిండా పీల్చుకున్నాను. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది. ఒకే గదిలో మా పొయ్యి, పరుపులు, నా స్కూలు సంచి, నాయన రంగు డబ్బాలు. సంక్రాంతికి సకినాలు చుట్టినా, ఉగాదికి భక్ష్యాలు కాల్చినా అన్నిట్లోనూ టర్పెంటైన్ చొరబడేది. "జర ఆ డబ్బలు బయట పెట్టరాదు! పిండిల పడితే నీకే తినిపిస్త" అని అమ్మ కసిరేది. నాయన నవ్వి డబ్బాలను ఒక జానెడు అవతలికి జరిపేవాడు.

నాయన పేరు యాదగిరి. నల్లగొండ దిక్కు పల్లె నుంచి వచ్చి, ఎల్‌బీ నగర్ వెనక గల్లీలో గది కిరాయికి తీసుకుని, దుకాణాలకు రేకు బోర్డులు రాసి మమ్మల్ని సాకాడు. ఆదివారం సాయంత్రం వచ్చిందంటే ఉతికిన చొక్కా తొడుక్కుని, నా చెయ్యి పట్టుకుని, చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిపించేవాడు. మిగతా పిల్లల్ని వాళ్ళ నాన్నలు మ్యూజియానికి తీసుకుపోయేవారు. మా మ్యూజియం రోడ్డుకు రెండు పక్కలా మేకులకు వేలాడేది, టిక్కెట్టు లేదు. విజయవాడ, గుంటూరు, ఒంగోలు అని గొంతు చించుకునే బస్సు ఏజెంట్లను తప్పించుకుని, నిజాం కాలం నాటి విక్టోరియా మెమోరియల్ మేడ ముందు కాస్త ఆగి, ఎండాకాలమైతే పండ్ల మార్కెట్లో మాగిన మామిడి వాసనా కుళ్ళిన బత్తాయిల పులుపూ కలిపి పీల్చుకుంటూ, హాస్టల్ కిటికీలకు ఆరేసిన తువ్వాళ్ళ కింద నుంచి, మిర్చి బజ్జీల బండి పొగలోంచి, సాయిబాబా గుడి ముందు గులాబీల గంపలను దాటుకుని, గాజుల దుకాణాల మెరుపుల్లోకి చేరేసరికి నా కాళ్ళు పీక్కుపోయేవి. అయినా ఎత్తుకోమని అడిగేదాన్ని కాదు, ఎత్తుకుంటే బోర్డులు చూపించడానికి నాయన చేతులు ఖాళీ ఉండవు కదా.

ప్రతి బోర్డు దగ్గరా ఆగాల్సిందే. తను రాసినవైతే మెడ పైకెత్తి మురిసిపోయేవాడు. "గీ 'క్ష' చూడు బిడ్డా, కడుపునిండ బువ్వ తిన్నట్టున్నది." ఇంకొకరు రాసినవైతే ఇక ఊరుకుంటాడా? "గా 'ర' ఎట్లున్నదో చూసినవా? జెరమొచ్చి లేసినట్టు." నేను చదవడం బళ్ళో నేర్చుకోలేదు, ఆ రోడ్డు మీదే నేర్చుకున్నాను. అందుకేనేమో ఇప్పటికీ నల్ల సిరా అక్షరాలు నాకు కాస్త వెలవెలపోయినట్టే కనిపిస్తాయి.

మా నడక చివరికి ఆగేది గుంటూరు మ్యాచింగ్ సెంటర్ దగ్గర. జాకెట్టు ముక్కలు, లైనింగు బట్ట, చీర ఫాల్సు అమ్మే చిన్న దుకాణం. యజమాని కోటేశ్వరరావు గారు. నన్ను బాబాయ్ అని పిలవమనేవారు, నాయన ఆయన్ని రావుసాబ్ అనేవాడు. చీర కొంగు చూసి, తల కూడా తిప్పకుండా వెనక అరలోంచి సరిగ్గా అదే రంగు ముక్క లాగేవారు. రంగు దగ్గర ఇద్దరిదీ ఒకటే పిచ్చి. బోర్డు రాసేటప్పుడు గుంటూరు అన్న మాట మాత్రం వాళ్ళ ఊరి మిరపకాయ రంగులోనే ఉండాలని పట్టుబట్టి, ఇంట్లోంచి ఎండుమిరపకాయ తెచ్చి డబ్బా పక్కన పట్టుకుని కూర్చున్నారట. "ఇంకాస్త ముదరాలయ్యా యాదగిరీ, ఇది టమాటా రంగు" అని ఆయన, "మీ చేతిలున్నది మిరపకాయ కాదు రావుసాబ్, మీ అత్తగారి ముక్కుపుడక" అని నాయన, పొద్దుగూకేదాకా వాదులాడుకుని తేల్చిన ఎరుపు అది. బజారు ఆ కొస నుంచి కూడా కనబడేది.

దసరా రోజు నాయన కుంచెలు కడిగి, కుంకుమ పెట్టి, సాయంత్రం జమ్మి ఆకు జేబులో పోసుకుని తను బోర్డు రాసిన దుకాణాలన్నీ తిరిగేవాడు. మొదటి జమ్మి రావు గారికే. తెలంగాణలో అది బంగారం, పెద్దవాళ్ళ చేతిలో పెట్టి, గుండెకు హత్తుకుని అలాయ్ బలాయ్ చేసుకోవాలి. మొదటిసారి ఆ ఆకు చేతిలో పెట్టగానే ఆయనకు అర్థంకాక నోట్లో వేసుకోబోయారని పిన్ని, అంటే వాళ్ళావిడ, ఏటా చెప్పి నవ్వేది. ఆ తర్వాత మాత్రం ఎండిపోయిన జమ్మి కూడా గల్లాపెట్టెలోంచి తీసేవారు కాదు.

తెలంగాణ ఉద్యమం వచ్చాక ఆదివారపు నడకలు ఆగిపోయాయి. బళ్ళు బంద్, బస్సులు బంద్, హైవే మీద రాళ్ళ పొయ్యిలు పెట్టి వంటావార్పు, తారురోడ్డు మీదే బతుకమ్మ. మొదట్లో నాకది పండగలా ఉండేది, అబద్ధమెందుకు. తర్వాత టియర్ గ్యాస్ మా గల్లీలోకి కూడా వచ్చి, దగ్గి దగ్గి రాత్రంతా కళ్ళు మండుతూ పడుకున్నాం. నాయన బ్యానర్లు రాసేవాడు, ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. ఆపైన పిల్లల బొమ్మలు గీయాల్సి వచ్చింది. తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్న పిల్లలు. పాస్‌పోర్టు ఫొటో చూసి గుడ్డ మీద పెద్దగా గీసి, కింద పేరు రాసి, ఆ రోజు అన్నం ముట్టేవాడు కాదు. "మీసం గూడ రాలే పోరగానికి" అని ఒకసారి గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నాయన ఏడవడం నేనదే మొదటిసారి చూడటం, నాకు చచ్చేంత భయం వేసింది.

ఒక బంద్‌కు ముందురోజు, ఊరేగింపు దిల్‌సుఖ్‌నగర్ మీదుగా వస్తుందనీ, కోస్తా ఊళ్ళ పేర్లున్న బోర్డులను వదలరనీ కబురొచ్చింది. పక్క బజారులో అప్పటికే ఒక దుకాణం అద్దాలు పగిలాయి. రావు గారు కుటుంబంతో వాళ్ళ ఊళ్ళో పెళ్ళికి వెళ్ళి ఉన్నారు, ఎన్నిసార్లు ఫోన్ చేసినా కలవలేదు. తెల్లారుతుండగానే నాయన డబ్బా పట్టుకుని బయల్దేరాడు. బడి లేదు కనుక నేనూ వెంటపడ్డాను. "ఆయనకు చెప్పకుంట ఎట్ల చేస్తవ్?" అంది అమ్మ. "అద్దాలు పలిగినంక చెప్పాల్నా?" అన్నాడు నాయన.

ఎనామిల్ తీసుకెళ్ళలేదు. సుద్దపొడిలో తుమ్మజిగురు కలిపిన నీళ్ళరంగు తీసుకెళ్ళాడు, ఎన్నికలప్పుడు నాలుగు రోజుల కోసం గోడలకు రాసే రంగు. తడిబట్టతో తుడిస్తే కింది రాత చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. నిచ్చెనెక్కి మిరపకాయ ఎరుపు మీద తెల్లగా పూసి, అది ఆరాక దాని మీద నీలంతో తెలంగాణ అని రాశాడు. అంత శ్రద్ధగా రాయకపోయినా సరిపోయేది. కానీ చెయ్యి ఊరుకోదు కదా, నిండుగా, అంచులు తీర్చి రాశాడు. ఊరేగింపు వచ్చింది, బోర్డు చూసి ఈలలు వేసింది, వెళ్ళిపోయింది. రావు గారి అద్దం ఒక్కటీ పగల్లేదు. ఆ రోజు ఇంటికొచ్చి నాయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

రావు గారు తిరిగొచ్చారని తెలియగానే చెబుదామని పరుగున వెళ్ళాం. ఆయన షట్టర్ కూడా తీయకుండా బోర్డు కింద నిలబడి ఉన్నారు.

"అద్దాలు పగిలుంటే ఇంత బాధపడేవాణ్ణి కాదు యాదగిరీ. ఎవరో బయటివాళ్ళనుకునేవాణ్ణి. నీ చేతిరాత నాకు తెలీదనుకున్నావా?"

"నీళ్ళరంగే రావుసాబ్. తడిబట్ట పెడితే పోతది. కింద మీ ఊరి పేరు అట్లనే ఉన్నది."

ఆయన పక్క హోటల్లోంచి చెంబుతో నీళ్ళు, ఒక బట్ట, నిచ్చెన తెచ్చి ముందు పెట్టారు. "అయితే తుడువు. చెరిపిన చేత్తోనే తుడువు. ఇప్పుడే, అందరూ చూస్తుండగా."

ఎదురుగా చాయ్ కొట్టు దగ్గర కుర్రాళ్ళు గ్లాసులు పట్టుకుని ఇటే చూస్తున్నారు. వాళ్ళు నాయనతో బ్యానర్లు రాయించుకున్నవాళ్ళే. పట్టపగలు తెలంగాణ అన్న మాట తుడిచి గుంటూరు బయటపెడితే ఏమవుతుందో నాకే అర్థమైంది. కానీ నాయన భయం అదొక్కటే కాదు. ఆ మాట కోసమే కదా మీసం రాని పిల్లల బొమ్మలు గీసింది. బట్ట చేతిలోకి తీసుకున్నాడు, తడిపాడు, నిచ్చెన మీద ఒక మెట్టెక్కి దిగాడు. "జర లొల్లి సల్లబడనీయి రావుసాబ్. నేనే ఒచ్చి తుడుస్త" అన్నాడు. రావు గారు చెంబులో నీళ్ళు రోడ్డు మీద పారబోసి షట్టర్ ఎత్తుకున్నారు.

లొల్లి చల్లబడలేదు. వానలకు ముందే రావు గారు దుకాణం ఎవరికో ఇచ్చేసి ఊరెళ్ళిపోయారు. వచ్చినవాళ్ళు సెల్‌ఫోన్లు పెట్టి, పాత బోర్డు తీయడం దండగనుకుని దాని మీదే చట్రం బిగించి ఫ్లెక్సీ కొట్టారు. ఆ దసరాకు నాయన జమ్మి పట్టుకుని అలవాటుగా అక్కడిదాకా వెళ్ళి, అదే ఆకు జేబులో వేసుకుని తిరిగొచ్చాడు. మిగతా దుకాణాలకు వెళ్ళనే లేదు.

రాష్ట్రం వచ్చిన రాత్రి మా గల్లీలో పటాకులు మోగాయి, నాయన అందరి నోళ్ళలో లడ్డూ పెట్టాడు. సంతోషం నిజమైనదే, అందులో అనుమానం లేదు. ఆ తర్వాత ఫ్లెక్సీలు బజారంతా కమ్మేశాయి, రాసే పని పోయింది. మేం బడంగ్‌పేటకు మారాం. నాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఒకసారి ఎల్‌బీ నగర్‌లో గుంటూరు బస్సు కోసం నిలబడి పిన్ని కనిపించింది. రావు గారు పోయారని చెప్పింది. "దుకాణం ఇచ్చేసిన రోజు కూడా మీ నాన్న వస్తాడేమోనని వీధిలోకే చూస్తూ కూర్చున్నారమ్మా" అంది. ఇంటికెళ్ళి నాయనకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో, నాకిప్పటికీ తెలియదు.

రంగు వాసన పీల్చిన ఆ రోజే స్టేషన్ నుంచి ఊరికే నడుచుకుంటూ బజారులోకి వెళ్ళాను. ఆ దుకాణం మళ్ళీ చేతులు మారుతోంది, ఫ్లెక్సీ చట్రం ఊడదీశారు. పాత రేకు బోర్డు మెట్రో స్తంభానికి ఆనించి ఉంది, పాత ఇనుముకు వేయడానికి ట్రాలీ ఆటో దాని కోసం ఆగి ఉంది. నీలం అక్షరాలు నిండుగా అలాగే ఉన్నాయి. నాయనకు ఫోన్ చేశాను. "తుడవకు. నేనొస్తున్న" అన్నాడు. ట్రాలీ అతన్ని బతిమాలి ఆపాను.

అమ్మ నాయనను పట్టుకుని ఆటో దించింది. నా నీళ్ళ సీసాతో చున్నీ కొసను తడిపి ఇచ్చాను. నాయన దాన్ని కదలని కుడిచేతి వేళ్ళ మధ్య కుక్కుకుని, ఎడమచేత్తో ఆ చేతిని ఎత్తి బోర్డుకు ఆనించి, అటూ ఇటూ జరపసాగాడు. నీలం కారింది, తెలుపు కారింది. కింద మిరపకాయ ఎరుపు.

"ఇంటికి తీసుకుపోదమా నాయినా?"

"ఎవలికి సూపెట్టను?" అన్నాడు.

తలెత్తి బజారు చూశాను. ఆ కొస నుంచి ఈ కొసకు చేతిరాత ఒక్కటీ లేదు. ట్రాలీ అతను తొందరపెడుతున్నాడు. నాయన ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. అందరూ చూస్తుండగా తుడవమన్నారు రావు గారు. రోడ్డు నిండా జనం. ఒక్కరూ చూడలేదు.