నా పసుపు వేళ్లను చూసిన సారు

కరీంనగర్‌లో మా ఆయనకు ఆపరేషన్ చేసిన డాక్టరు సారు చనిపోయారని మొన్న పొద్దున తెలిసింది. ఫోను పక్కన పెట్టి మా ఆయన అరుగు మీద అట్లే కూర్చున్నారు. నాకు రాయడం అంతగా రాదు. అయినా సారు గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మా ఆయన సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేస్తారు. ఒకరోజు నూలు చుట్టిన బరువైన బీము మోస్తుంటే జారి రొమ్ముకు తగిలింది. పైకి గాయమే లేదు. కాసేపటికి మెడ ఉబ్బింది, గొంతు మారింది, దగ్గితే నెత్తురు పడింది.

"దెబ్బకు వాసింది, పట్టెయ్యి" అన్నది అత్తమ్మ.

పసుపు, సున్నం కలిపి మెడకు రాస్తుంటే నా వేళ్ల కింద చర్మం పటపటమన్నది. అంతలోనే ఆయనకు ఊపిరి అందలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం.

అక్కడ మావాళ్లంతా ఒకేసారి మాట్లాడారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. సారు నా పచ్చని వేళ్లు చూశారు.

"పట్టేసింది నువ్వేనా బిడ్డా? చేతికెట్లనిపించింది?"

అడిగి, నాకు సిగ్గు కలగకుండా మా ఆయన వైపు తిరిగారు.

"గంజి పెట్టిన చీర నలిపినట్టున్నది సార్" అన్నాను.

సారు అరచేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాక మెడ తాకి చూశారు. "నిజమే. గాలి తోలు కిందికొచ్చింది. లోపల గాలిగొట్టం చినిగినట్టున్నది. లేట్ చేస్తే పానం మీదికొస్తది."

పక్కనున్న చిన్న డాక్టర్లతో, "ముట్టుకున్నోళ్లను అడుగుండ్రి" అన్నారు.

రొమ్ములోకి గొట్టం వేసి, దాన్ని నీళ్ల సీసాకు కలిపారు. "లోపల గాలి కారుతున్నంతసేపు బుడగలొస్తయి. ఆగుతయా, జర చూస్తుండు" అని నాకు అప్పగించారు. నేను కన్ను తిప్పలేదు. బుడగలు ఆగలేదు.

"ఇంకా వస్తనే ఉన్నయి సార్" అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

గొంతులోంచి సన్నని లైటు గొట్టం దింపి చూశారు. ఊపిరితిత్తికి గాలి పోయే దారి చీలి ఉంది. వెంటనే ఆపరేషన్ చేసి కుట్టారు. తర్వాత చూస్తే సీసాలో బుడగలు లేవు. ఆయన ఊపిరితో పాటు నీళ్లు మెల్లగా పైకీ కిందికీ ఊగుతున్నాయి.

"నువ్వు గుడ్డ నేస్తవు, నేను గొట్టం కుట్టిన. ఇద్దరిదీ ఒకటే పని" అన్నారు సారు మా ఆయనతో.

"పోగు తెగదు గద సార్?" అన్నారు మా ఆయన, బొంగురు గొంతుతో.

"తెగితే నీతోనే ముడేయిస్త!"

మొన్న అరుగు మీద మా ఆయన పక్కన కూర్చున్నాను. అరచేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాక, ఆయన మెడ మీద వేళ్లు పెట్టాను. మెత్తగా ఉంది. ఆ పటపట చప్పుడు లేదు.