ఏరుకోని పరిగ

మొన్న మా మనవరాలు పోటీ పరీక్షల పుస్తకం తెచ్చి, ‘గ్లీన్’ అంటే ఏమిటి అమ్మమ్మా అని అడిగింది. బళ్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన దాన్ని కదా, సమాచారాన్ని అక్కడింత ఇక్కడింత పోగుచేయడమని ఠక్కున చెప్పేశాను. తర్వాత ఊరుకోలేక పెద్ద నిఘంటువు తీస్తే, అది పాత ఫ్రెంచి నుంచి వచ్చిందనీ, దాని వెనక లాటిను ఉందనీ, ఇంకా వెనక్కి పోతే ఎక్కడ పుట్టిందో పండితులకే సరిగా తెలియదనీ, అసలు అర్థం మాత్రం కోతలయ్యాక చేలో మిగిలిన కంకులు ఏరుకోవడమేననీ ఉంది. అంటే మన పరిగే! ఎక్కడి ఫ్రెంచివాళ్లు, ఎక్కడి మా గుంటూరు మిరప చేలు! నవ్వుకుందామనుకున్నాను గానీ, అమ్మ గుర్తొచ్చి నవ్వు రాలేదు.

మా చిన్నతనంలో మాకు సెంటు భూమి లేదు. ఆఖరి కోత అయ్యాక మిరప చేలో రాలినవీ, ఆకుల చాటున కూలీల కంటబడనివీ ఏరుకొస్తేనే మా ఇంట్లో ఏడాదికి కారం. అయితే పరిగకు ఒక కట్టుబాటు ఉండేది. చేను గల ఆసామి ఇంటి ఆడవాళ్లు గట్టు దాకా వచ్చి, దిగండమ్మా అని నోరారా అన్నాకే చేలో కాలు పెట్టాలి. ఆ మాట లేకుండా దిగితే దొంగతనం కిందే జమ.

ఒక ఏడు ఆఖరి కోత ముగిసిన మర్నాడే ఆసామి పోయారు. అమ్మా, మేనత్తా, వాళ్ల వెనక నేనూ గోతాలు పట్టుకుని గట్టు చేరేసరికి ఊళ్లోంచి ఏడుపులు వినిపించాయి. ఇటు చేనంతా ఎర్రగా రాలిన కాయ, అటు పడమట నల్లటి మబ్బు.

“వదినా, వానొస్తంది. ఇప్పుడెవరు చూడొచ్చారు, దిగుదాం పద!” అంది మేనత్త.

“ఇంట్లో శవాన్ని పెట్టుకుని వాళ్లేడుస్తుంటే మనం చేలోపడి ఏరుకుందామా? ఊరుకోవే,” అంది అమ్మ.

అలాగని ఇంటికీ రాలేదు. వాన దంచికొట్టి కాయంతా బురదలో కలిసిపోతుంటే, ఖాళీ గోతం నెత్తిన కప్పుకుని చూస్తూ ఉండిపోయింది. నాకు అమ్మమీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది, ఏం చేయాలో తెలియక ఆమె కొంగు పట్టుకుని ఏడ్చాను. కర్మలు అయ్యాక ఆసామి భార్య పాపం గుర్తుపెట్టుకుని కబురు పంపారు. అప్పటికి చేలో బూజుపట్టిన తాలుకాయ తప్ప ఏమీ లేదు. గుంటూరు సీమలో పుట్టి ఏడాది పొడుగునా చప్పిడి కూడు తిన్నామంటే ఇప్పుడెవరూ నమ్మరు.

ఈమధ్య పెదకాకాని వెళ్తూ కారు ఆపించాను. కోత కూలి గిట్టక కాయను చెట్టుమీదే వదిలేసిన చేను. ఏరేవాళ్లూ లేరు, దిగండమ్మా అనేవాళ్లూ లేరు. ఆ లేమి పోయిందని సంతోషించాలో, ఆ పిలుపు పోయిందని బాధపడాలో నాకు తెలియలేదు. గుప్పెడు కాయలు కోసుకుందామని మనసు లాగింది. అడుగుదామంటే మనిషి లేడు, అడగకుండా దిగుదామంటే కాళ్లు రాలేదు. ఎండగా ఉందమ్మా అని డ్రైవరు పిలిస్తే, వచ్చి కారెక్కాను.