మూత తీయని కారం డబ్బా

తిరువూరులో ఎండలు ముదిరాయంటే జనం ఒకళ్లనొకళ్లు నమ్మడం మానేస్తారు. ఏడాదికి సరిపడా కారం పట్టించే రోజులవి. ఈ ఏడు వినగడప రైతు దగ్గర కొన్న మిరపకాయల్ని మా ఆవిడ మేడ మీద ఎండబోసి, పక్కనే కుర్చీ వేసుకుని, సరిహద్దులో సైనికుడు కూడా సిగ్గుపడేలా కాపలా కాసింది. తొడిమలు తీసేటప్పుడు మేం తుమ్మిన తుమ్ములకు ఎ.కొండూరులో కోళ్లు బెదిరాయని నా నమ్మకం. కాదనేవాళ్లు వెళ్లి విచారించుకోవచ్చు.

నన్ను మిల్లుకు పంపుతూ ఆవిడ చెప్పింది.

"కళ్లు ఆర్పకండి. మనకన్నా ముందు పసుపు పట్టారేమో చూసుకోండి. ఆవకాయ మా అక్కకి పంపాలి, నా పరువంతా ఆ జాడీలో ఉంది. కారం డబ్బాలో పడగానే మూత బిగించేయండి. ఇంటికొచ్చేదాకా తీయొద్దు."

మిల్లులో వంతు కోసం కూర్చున్నవాళ్లంతా పక్కవాళ్ల సంచుల్లోకి తొంగిచూస్తున్నారు. నా వెనక మా వీధి చివరింటి పిన్నిగారు. నా సంచిలోంచి అడక్కుండానే ఒక కాయ తీసి, విరిచి, నాలుకకి ఆనించుకుంది.

"ఏం అబ్బాయ్, ఇది కారానికి కొన్నదా, రంగుకా?"

"రెండు రకాలూ కలిపామండి. మీదేం కాయ?"

"నాది చెప్పను. అసలు నీ తర్వాత పోయాలంటేనే నాకు మనసొప్పడం లేదు."

మరలోంచి ఎర్రటి పొగతో కారం దిగింది. నేను ముఖం అందులోకి దూర్చినంత దగ్గరగా నిలబడి, గింజ గింజనీ కళ్లతో లెక్కపెట్టుకున్నాను.

"కాలిపోతోంది సార్. ఆ పట్టా మీద పరిచి కాసేపు చల్లారనివ్వండి," అన్నాడు మిల్లు ఆయన.

పరిస్తే అందరూ తలా చిటికెడు రుచి చూస్తారు. చిటికెలన్నీ కలిస్తే పిడికెళ్లు. పిన్నిగారి చూపుడువేలు అప్పటికే సిద్ధంగా ఉంది. "ఇంటి దగ్గర చల్లారుస్తాలెండి," అని మూత బిగించి, దాని మీద తువ్వాలు ముడేశాను.

ఇంటికి రాగానే మా ఆవిడ ముడి పరీక్షించి తృప్తి పడింది. మిల్లు ఆయన పరిచి చల్లార్చమన్నాడని చెప్పాను.

"పరిస్తే ఘాటు పోతుంది. మళ్లీ పట్టించుకోడానికి వస్తామని ఎత్తు," అని డబ్బాని అటకెక్కించింది.

ఆవకాయ పెట్టే రోజున, మామిడికాయ ముక్కలు కొట్టి, తుడిచి పెట్టుకున్నాక డబ్బా దించాం. మూత లోపలంతా చెమట. వేడి కారం చెమ్మ పట్టి ఇటుకల్లా గడ్డకట్టింది, పైగా ముక్కిన వాసన.

"మిల్లులో మార్చేశారు," అంది మా ఆవిడ.

"మూత తీయలేదు కదా."

అప్పుడు నా వైపు తిరిగి ఒక చూపు చూసింది. ఇంట్లో అనుమానించడానికి ఇక నేనొక్కణ్ణే మిగిలాను.

ముక్కలు సాయంత్రం దాకా ఆగవు. చేసేది లేక పిన్నిగారి ఇంటికి వెళ్లి, సంగతి చెప్పి, కారం అడిగాను.

"ఇవ్వను. నేనే తెచ్చి కలుపుతాను. లేకపోతే మీ గడ్డలు కూడా అందులో దంచి పోసి, పిన్నిగారి కారం బాగోలేదని ఊరంతా చెప్తారు."

వచ్చి బేసిన్ ముందు కూర్చుంది. ఆమె చేతుల్ని మా ఆవిడ, మా ఆవిడ చేతుల్ని ఆమె చూసుకుంటూ ఆవపిండీ ఉప్పూ నూనే కలిపారు. ఆ ఎరుపుకి వంటింటి గోడలు కూడా పెళ్లికూతుళ్లలా కనిపించాయి.

సగంలో పిన్నిగారు చెయ్యి ఆపింది.

"మీ అక్కకి వెళ్లే జాడీ ఎవరు పెట్టినట్టు వెళ్తుందమ్మా?"

మా ఆవిడ నూనె గిన్నె అటూ ఇటూ జరిపింది. ఆవిడ పరువు అక్కడే ఆగిపోయింది, పిన్నిగారి మోచేతుల దాకా ఉన్న కారంలో.

"మీ కారమని చెప్తానండి," అంది చివరికి.

"ఇప్పుడే చెప్పు. ఫోను స్పీకర్లో పెట్టు."

నేను ఫోను అందించాను. అక్క ఎత్తేదాకా పిన్నిగారు ఒక్క ముక్క కూడా కదపలేదు.