పొడిగా బిగించిన రెండు స్టడ్డులు

మా మామగారికి ఒక పాత ఇంగ్లీషు కారు ఉండేది. నల్లటి ఒళ్ళు, లోపల ఎర్రతోలు సీట్లు. మద్రాసులో సినిమాల పంపిణీ వ్యాపారం చేసే రోజుల్లో కొన్నారట. పరిశ్రమ హైదరాబాదుకు తరలినప్పుడు ఆయనా తరలివచ్చి జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టుకున్నారు. పెరట్లో బండరాళ్ళు పగలగొట్టించి మరీ దానికో షెడ్డు వేయించారు. పాతకాలం కథ తీసే దర్శకులు ఆ కారు కోసం వచ్చేవాళ్ళు. ఆయన కిరాయి మాట ఎత్తనిచ్చేవారు కాదు. తెరమీద తన కారు కనిపిస్తే చాలు ఆయనకి.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది ఎనభైల చివర్లో. ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. చిన్నప్పటినుంచీ నాకు యంత్రాలు విప్పి చూడాలని ఉండేది. పుట్టింట్లో కుట్టుమిషన్ దాటి ముందుకు పోనివ్వలేదు. అత్తింట్లో అడగడానికే మొహమాటం.

ఆ కారు చూసే మేస్త్రి బోరబండ నుంచి పాత స్కూటర్ మీద వచ్చేవాడు. నలభై అయిదేళ్ళుంటాయి, తక్కువ మాటల మనిషి. ఒక సెలవురోజు నేను షెడ్డు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూస్తుంటే, నవ్వకుండా, ఎందుకని అడగకుండా, ఒక పానా నా చేతికిచ్చి ఫలానా నట్టు వదులు చెయ్యమన్నాడు. ఆ క్షణం నుంచి ఆయన నాకు గురువు. మామగారు మధ్యాహ్నం నిద్రపోయే వేళల్లో నేను షెడ్డులో ఉండేదాన్ని. ఈ సంగతి అత్తగారికి కాస్త తెలుసు, మామగారికి తెలియదు.

ఒక వేసవిలో కారు ఇంజను పక్కనుంచి ఫట్‌ఫట్‌మని పొగ చిమ్మడం మొదలెట్టింది. ఇంజనులోంచి పొగను గొట్టంలోకి పంపే ఇనప దిమ్మ ఉంటుంది, మానిఫోల్డ్ అంటారు. దాన్ని ఇంజనుకు పట్టి ఉంచేవి ఎనిమిది స్టడ్డులు, అంటే తల లేని బోల్టులు. అన్నీ తుప్పు పట్టాయి. మేస్త్రి వాటిని ఓపిగ్గా ఊడదీసి, లేతు మిషన్ దగ్గర కొత్తవి కోయించుకొచ్చాడు. బిగించే ముందు ఒక రంధ్రంలో సన్నటి తీగ దూర్చి నాకు చూపించాడు. తీగ కొస ఎర్రటి నీళ్ళతో తడిసి వచ్చింది.

“చూసిండ్రా అమ్మా? ఈ బొక్కలు ఇంజన్ల నీళ్ళ దాంక పోతయ్. ఉత్తగ బిగిస్తే నీళ్ళు మరలెంబడి బయటికొస్తయ్. గందుకే మందు పెట్టాలె.”

మందంటే షెలాక్, లక్కతో చేసే జిగురు. గోధుమరంగులో, బెల్లంపాకంలా సాగుతూ, స్పిరిట్ వాసన వేసేది. మరలన్నీ పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, షెలాక్ పట్టించి బిగించాలి. ఒకరోజు ఆగి అప్పుడు నీళ్ళు పొయ్యాలి. మొదటి రెండు స్టడ్డులు ఆయన పెట్టాడు. తర్వాతి నాలుగు నాచేత పెట్టించాడు. అంతలో బుడ్డి ఖాళీ అయింది. మిగిలిన రెండూ తను వచ్చాక పెడదామని చెప్పి కొత్త బుడ్డి కోసం టోలిచౌకి వెళ్ళాడు.

ఆయన వచ్చేలోపు పని పూర్తిచేసి ఆశ్చర్యపరచాలని నాకు బుద్ధి పుట్టింది. మర గట్టిగా బిగుసుకుంటే నీళ్ళు ఎటునుంచి వస్తాయిలే అనుకున్నాను. రోజూ పిల్లలకు పీడనం గురించి పాఠం చెప్పే మనిషిని. రెండింటినీ పొడిగానే బిగించేశాను.

ఆయన తిరిగొచ్చి ఎనిమిదింటినీ వరసగా చూశాడు. “మస్తు చేసిండ్రమ్మా,” అన్నాడు. ఆయన నోట మెచ్చుకోలు వినడం అదే మొదటిసారి. నా మొహం వెలిగిపోయి ఉంటుంది. ఆ తర్వాతే అడిగాడు.

“అన్నిటికీ మందు పెట్టిండ్రా? బుడ్డిల ఉండెనా?”

“పెట్టాను. అడుగున కాస్త మిగిలింది,” అన్నాను.

ఆ అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఎవరూ కోప్పడటం లేదు, ఎవరూ తొందరపెట్టడం లేదు. కొత్త బుడ్డి ఆయన చేతిలోనే ఉంది.

మర్నాడు నీళ్ళు పోసి ఇంజను నడిపితే చుక్క కారలేదు. నేను నా ఫిజిక్సును మెచ్చుకున్నాను.

పదిరోజుల తర్వాత ఫిల్మ్‌నగర్ పైభాగంలో ఒక బంగళా ముందు షూటింగ్. మామగారు పట్టుచొక్కా వేసుకుని వెళ్ళారు. నన్నూ అత్తగారినీ కూడా రమ్మన్నారు. మేస్త్రి కారు వెంట ఉన్నాడు. హీరో ఎత్తుమీదికి కారు నడుపుకుంటూ వచ్చి గేటు ముందు ఆగాలి. ఎండలో అదే షాటు అయిదారుసార్లు తీశారు. ఏడోసారి సగం ఎత్తులో బానెట్ కింద నుంచి తెల్లటి ఆవిరి బుసకొట్టింది. హీరో దగ్గుతూ దిగాడు. యూనిట్ మొత్తం ఆగిపోయింది. ముసలి కారుకి ముసలి రోగాలని ఎవరో అంటే, నలుగురు నవ్వారు. మామగారి మొహం చూడలేకపోయాను.

మేస్త్రి బానెట్ ఎత్తి వంగి చూశాడు. చివరి రెండు స్టడ్డుల దగ్గర నీళ్ళు సన్నగా ఉడుకుతూ కారుతున్నాయి. ఒక గుడ్డతో వాటి చుట్టూ తుడిచి, తలెత్తి నావైపు చూశాడు. నేను గొడుగు కిందకి వంచుకున్నాను.

“ఏంటిది?” అన్నారు మామగారు అందరిముందూ.

“స్టడ్డుల కాడ నీళ్ళొస్తున్నయ్ సార్.”

“మందు పెట్టలేదా?”

“పెట్టలే సార్.”

ఎవరు పెట్టలేదో ఆ మాటలో లేదు. మామగారికి ఆ అనుమానమే రాలేదు. తన పరువు తీశావనీ, ఇక గేటు దగ్గరికి కూడా రావద్దనీ అరిచారు. మేస్త్రి సంచీ భుజాన వేసుకుని వాలు దిగి వెళ్ళిపోయాడు. నాకూ ఆయనకీ మధ్య పది అడుగులు. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. కోడలు మరలు బిగించిందని యూనిట్ అంతా నవ్వుతుందని భయపడ్డాను. ఇక షెడ్డులోకి రానివ్వరని భయపడ్డాను. ఆయన సంగతి నా భయాల్లో ఎక్కడా లేదు.

అంతటితో ఆగలేదు. శ్రీనగర్ కాలనీలోనూ, మా చుట్టుపక్కలా పాత కార్లున్న నాలుగిళ్ళకి మామగారు ఫోన్లు చేసి అతణ్ణి నమ్మొద్దని చెప్పారు. హాల్లో ఆయన మాట్లాడుతుంటే నేను వంటింట్లో వింటూ నిలబడ్డాను.

మూడు నెలలకి గానీ నోరు పెగల్లేదు. ఒక ఆదివారం మామగారు కాఫీ తాగుతుంటే చెప్పాను, ఆ రెండు స్టడ్డులూ నేనే బిగించానని, వాటికి మందు పెట్టలేదని. ఆయన నావైపు జాలిగా చూశారు.

“నీది మెత్తటి మనసమ్మా. వాడి తప్పు నీ నెత్తినేసుకోకు.”

మళ్ళీ చెప్పాను. స్టడ్డు అంటే ఏమిటో కూడా చెప్పాను. మా ఆయన పేపరు చాటున పకపకా నవ్వాడు. సంగతి కాస్త తెలిసిన అత్తగారు వంటింట్లోంచి బయటికి రాలేదు. మూడోసారి చెప్పలేదు. వాళ్ళు నమ్మనందుకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. జరిగినదంతటిలో నేను ఎక్కువ సిగ్గుపడేది ఆ హాయికే.

ఆ వారంలోనే ఆటో మాట్లాడుకుని బోరబండ వెళ్ళాను. రోడ్డుపక్క రేకుల షెడ్డులో మేస్త్రి ఒక ఆటో ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుని స్టూలు వేశాడు. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను.

“నాకెరుకే అమ్మా. షూటింగ్ల బానెట్ ఎత్తినప్పుడు చూసిన. ఆరింటి చుట్టూ మందు కనబడ్డది. రెండింటికి లేదు.”

మరి ఆ రోజే మామగారికి ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్తే నమ్ముతడా? కోడలి మీద తోసేస్తున్నడంటడు.” నన్ను చూడకుండా మళ్ళీ అన్నాడు. “గది గాదమ్మా నా బాధ. మిమ్మల్ని అడిగిన గదా. పెట్టలేదని అంటే ఏమైతుండె? విప్పి మళ్ళ పెడుతుంటిమి. పది నిమిషాల పని.”

మళ్ళీ రమ్మని బతిమాలాను. ఆ ఇంటికి మాత్రం రానన్నాడు. మర్యాదగానే అన్నాడు. తర్వాత వీధి చివరిదాకా నడిచి నాకు ఆటో పిలిచాడు.

ఆ నాలుగిళ్ళకీ నేనే వెళ్ళాను. మూడిళ్ళలో కాఫీ ఇచ్చి, మెత్తటి మనసన్న మామగారి మాటే మళ్ళీ నాకు చెప్పి పంపారు. నాలుగో ఇంట్లో రిటైరైన డాక్టరమ్మ ఉండేది. ఆవిడ మొత్తం విని, మందు పేరేంటని అడిగింది. షెలాక్ అన్నాను. అది ఎలా పెట్టాలో, ఎంతసేపు ఆరాలో అడిగింది. చెప్పాను. ఆవిడ నమ్మింది. మేస్త్రిని మళ్ళీ పిలిపించుకుంది.

మా షెడ్డుకి వేరే మేస్త్రి వచ్చాడు. ఇక నేను అటువైపు వెళ్ళలేదు, ఎవరూ వద్దనకపోయినా. శ్రీనగర్ కాలనీ రోడ్డుమీద అప్పుడప్పుడు ఆ పాత స్కూటర్ ఎదురయ్యేది. ఆయన ఎప్పుడూ తల ఊపి పలకరించేవాడు. నేనూ ఊపేదాన్ని, కానీ ఆయన దాటిపోయాక.