అన్నిట్లోకీ చప్పటి నాటిక

తొంభై తొమ్మిదో సంవత్సరం, ఏప్రిల్ నెల, రెండో గురువారం, పగలు పన్నెండూ నలభై అయిదు. తర్వాత కాంట్రాక్టర్ రాయించిన కాగితంలో రెండున్నర అని ఉంది. అది తప్పు. పన్నెండూ నలభై అయిదని స్టోర్ కీపర్ తన చేతి గడియారం చూసి పైకి అన్నాడు, నేను విన్నాను. అప్పటికి నాకు గడియారం చూడటం రాదు, అక్షరం ముక్కా రాదు. చెవులు మాత్రం బాగా పనిచేసేవి.

రాయదుర్గం బండల దగ్గర కంప్యూటర్ కంపెనీల కోసం పెద్ద పెద్ద బిల్డింగులు లేస్తున్న రోజులు. మేము పాలమూరు నుంచి వచ్చిన కూలివాళ్లం. మాకు పడిన పని ఒక సెల్లార్ గుంత. మూడు నిలువుల లోతు, అంతా రాయే. పొద్దున బండకు బెజ్జాలు వేసి పేలుడు మందు కూరేవారు, మధ్యాహ్నం అన్నాలయ్యాక పేల్చేవారు. అంటే కూరిన మందు పక్కనే మేము రోజూ తట్టలు మోసేవాళ్లం. ఎవరికీ భయం ఉండేది కాదు. అలవాటైపోయింది.

మా ఆయన పని ఎర్రజెండా. పేల్చే ముందు గుంతలోకి దిగి, ఎవరూ లేరని చూసుకుని, పైకొచ్చి జెండా ఊపాలి. అది చూసి, దూరంగా బండ చాటున కూర్చున్న మందు మేస్త్రీ మీట నొక్కాలి. పద్ధతి అది. మేము చేసింది వేరు.

స్టోర్ కీపర్ గోదావరి జిల్లా మనిషి. ఆయన దగ్గర పెద్ద టేప్ రికార్డరు, ఒకే ఒక్క క్యాసెట్టు ఉండేవి. ఇద్దరు హాస్యగాళ్ల నాటికలు. ఒకాయనది బొంగురు గొంతు, ఇంకొకాయనది సన్న గొంతు. వాళ్ల ముఖాలు మాలో ఎవరూ చూడలేదు. అయినా వాళ్లంటే ప్రాణం. వాళ్ల మాటలతోనే ఒకరినొకరం తిట్టుకునేవాళ్లం. సిమెంటు బస్తాల షెడ్డులో అన్నాలప్పుడు ఆ టేపు వేసేవాళ్లం. నీళ్లు పోసేది నేనే కాబట్టి టేపు పెట్టే పని కూడా నాకే వచ్చింది. ఏది ఏ వైపో చదవలేను గనుక ఒక వైపు బొట్టుబిళ్ల అంటించాను. రోజూ బొట్టు వైపే.

ఆ వైపు అరగంట నడుస్తుంది. చివర వచ్చేది పెళ్లిచూపుల నాటిక. చప్పగా ఉంటుందని దాన్ని ఎవరూ వినేవారు కాదు. అది మొదలవగానే అందరూ చేతులు కడుక్కుని లేచేవారు. మా ఆయన జెండా పట్టుకుని గుంతవైపు పోయేవాడు. నాటిక అయిపోయి టేపు ఆగేసరికి గుంత ఖాళీ. మాకు అదే గంట. మందు మేస్త్రీకి షెడ్డు కనపడదు గానీ టేపు వినపడుతుంది. మొదట్లో జెండా కోసం తలెత్తి చూసేవాడు. రెండు నెలలయ్యాక చూడటం మానేశాడు. టేపులో మాటలు ఆగితే ముప్ఫై దాకా లెక్కపెట్టి మీట నొక్కేవాడు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. ఎవరమూ వద్దనలేదు.

మా ఆయనకు ఒక్కతే చెల్లెలు. నా ఆడబిడ్డ షెడ్డుకు వచ్చేది కాదు. గుంత మూలన రాతినీడ చల్లగా ఉంటుందని అన్నం డబ్బాతో అక్కడే కూర్చునేది. రోజూ మా ఆయన దిగి రెండుసార్లు పిలిస్తే గానీ లేచేది కాదు.

ఆ గురువారం వాదన టిప్పర్ డ్రైవర్ మొదలుపెట్టాడు.

"అన్నిట్ల చప్పది దవాఖాన నాటిక. బొంగురాయన దగ్గుడు తప్ప ఏమున్నది అండ్ల?"

"అలా అనకండి. ఆ దగ్గులోనే ఉందండి అంతా," అన్నాడు స్టోర్ కీపర్. "బస్సు కండక్టర్‌ది వినండి, చిల్లర చిల్లర అని ఒకటే నస."

"నువ్వు బండి మీద వస్తవు గద సారూ. బస్సుల నిలబడి ఒస్తే తెలుస్తది, నవ్వెందుకొస్తదో."

మా ఆయన అన్నం కలుపుతూ అందుకున్నాడు. "మీ ఇద్దరికి చెవులు లెవ్వు. అన్నిట్ల ఎడ్డిది పెళ్లిచూపులది. గందుకే గద రోజు దాన్ని ఇడిచిపెట్టి పోతం."

"నువ్వు దాన్ని ఎన్నడన్న మొత్తం ఇన్నవా?" అన్నాడు డ్రైవర్.

"లే."

"ఇనకుంట ఎట్ల చెప్తవే? వదినె, జర దాన్ని ముంగటికి జరుపు. ఇయ్యాల కూసొని ఇందం. తేలిపోతది."

జరిపాను. నా చెయ్యి పట్టుకుని ఎవరూ నొక్కించలేదు. టేపు గిర్రున తిరిగింది, మీట వదిలాను, సన్న గొంతాయన పెళ్లికూతురి తండ్రిలాగా దగ్గి లోపలికి రమ్మన్నాడు. పెళ్లిచూపులు సరిగ్గా మొదటినుంచి.

ఆ రోజు ఎవరూ లేవలేదు. జెండా సిమెంటు బస్తా మీదే ఉంది. కంప్రెసర్ ఆపేసి ఉంది గనుక ఆ రెండు గొంతులే ఆ బండల్లో తిరుగుతున్నాయి. ఆ రోజు షెడ్డులో ఉన్న నలుగురం నోట్లో బుక్క పెట్టుకుని విన్నాం. మొదట ఎవరికీ నవ్వు రాలేదు. తర్వాత పెళ్లికూతురి తండ్రి, ఒకే లడ్డూ పళ్లాన్ని మూడుసార్లు లోపలికి తీసుకెళ్లి మూడుసార్లు కొత్తదన్నట్టు తెస్తాడు. అక్కడ మా ఆయన పొలమారేటట్టు నవ్వాడు.

"గంత చెడ్డగేం లేదు," అన్నాడు. "అనవసరంగ తిట్టినం ఇన్ని దినాలు."

"పన్నెండూ నలభై అయిదే అయిందండి," అన్నాడు స్టోర్ కీపర్. "బోలెడు టైముంది. ఇంకోసారి వేయమ్మా."

అప్పుడే టేపు టక్కుమని ఆగింది.

ఎప్పుడూ ఆ శబ్దం వినేసరికి మేము షెడ్డులో ఉండం. ఆ రోజు నా మోకాలి పక్కనే విన్నాను. తర్వాత ఏ చప్పుడూ లేదు. మా ఆయన ముఖంలో నవ్వు ఇంకా పోలేదు, కళ్లు మాత్రం మారిపోయాయి.

"చెల్లె గుంతల ఉన్నది," అన్నాడు.

ఎంగిలి చేత్తోనే పరుగెత్తాడు. జెండా తీసుకోలేదు. డ్రైవర్ మందు మేస్త్రీ ఉన్న వైపు అరుస్తూ పోయాడు. చాలా దూరం. నాకు అంకెలు ఇరవై దాకే వచ్చు. ఇరవై అయ్యాక ఏమనాలో తెలియక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.

షెడ్డు వెనక నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. గుంతకు అవతలి పక్కనున్న దిగుడు దారి ఎక్కి చుట్టూ తిరిగి వచ్చింది, డబ్బా మూత పెట్టుకుంటూ.

"ఏంది వదినె, గప్పుడే పెళ్లిచూపులు ఏసినవ్? ఇంకో రెండు బుక్కలు మిగిలె. అన్నేమో రాకపాయె, టేపు అయిపోతదని నేనే ఎక్కొచ్చిన."

భర్తను పేరుపెట్టి పిలిచే అలవాటు మాలో లేదు. నేను ఆ రోజు పిలిచాను. గుంత అంచున ఉన్న మనిషి వెనక్కి తిరిగాడు. చెల్లెల్ని చూశాడో లేదో చెప్పలేను. కాళ్లు అప్పటికే దిగుడు మీద ఉన్నాయి.

నేల లేచి పడింది.

బతికాడు. ఎడమకాలు విరిగింది. రెండు చెవులూ వినపడకుండా పోయాయి. దవాఖానలో కళ్లు తెరిచి మొదట అడిగింది చెల్లెల్ని. ఆమె ఎదురుగానే నిలబడి "ఉన్ననే, ఉన్ననే" అంటోంది. ఆయన మళ్లీ మళ్లీ అదే అడిగాడు. చివరికి ఆమె ఆయన చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది.

మూడోరోజు కాంట్రాక్టర్ గదిలో నాతో ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. నకలు ఇస్తే పెట్టెలో పడేశాను. యాభై ఎనిమిదో ఏట మా బస్తీలో పెద్దవాళ్లకు చదువు చెప్పే తరగతికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని మొత్తం చదివిన మొదటి కాగితం అదే. నాలుగు రోజులు పట్టింది. రెండున్నరకు, వద్దన్నా వినకుండా మా ఆయన గుంతలోకి దిగాడని ఉంది. ఆ సమయంలో అక్కడ ఇంకెవరూ లేరని ఉంది. కింద నా వేలిముద్ర.

మా ఆయనకు చదివి వినిపించలేను. ఆయనకు వినపడదు, చదువు రాదు. కాగితం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి నాకే ఇచ్చాడు.

అందుకే రాస్తున్నాను. ఎవరూ లేరన్నది అబద్ధం. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు. ఏది చప్పదో తేల్చమన్న టిప్పర్ డ్రైవర్. గడియారం చూసిన గోదావరి స్టోర్ కీపర్. బండ చాటున ముప్ఫై లెక్కపెట్టిన మందు మేస్త్రీ. రెండు బుక్కలు మిగుల్చుకుని పైకొచ్చిన మా ఆడబిడ్డ. ఆమె కోసం దిగిన మా ఆయన. టేపు ముందుకు జరిపిన నేను.