ప్లగ్గుకు పెట్టిన పెద్ద బొట్టు

మాది వడమాలపేట. నేను తిరుపతిలో కంప్యూటర్ క్లాసులు చెబుతాను. బట్టలు కుట్టే మా అమ్మకు బ్లౌజు డిజైన్లు చూసుకోవడానికి ఒక పాత కంప్యూటర్ తెచ్చిచ్చాను. ఇంటికి వెళ్లినప్పుడల్లా వైరస్‌ల మీద ఆమెకు పెద్ద క్లాసు పీకేదాన్ని.

మొన్న ఆయుధపూజ రోజు అమ్మ కుట్టు మిషన్‌కు పసుపు రాస్తోంది. కంప్యూటర్‌లో కొత్త డిజైన్లు ఫ్రీ అని కనిపిస్తే నేను ఏదో నొక్కాను. అంతే, స్క్రీన్ ఎర్రబడి సైరన్ మోగింది. "వైరస్ చేరింది. కంప్యూటర్ ఆపితే అన్నీ పోతాయి. వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని వచ్చింది. చెల్లి పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి! ఆ నంబరుకు ఫోన్ కలిపేశాను.

అవతల రింగవుతుండగానే అమ్మ పరుగున వచ్చి, కొంగుతో పట్టుకుని ప్లగ్గు పీకేసింది. నా ఫోన్ లాక్కుని కట్ చేసింది.

"ఏమే, అది కూత పెడితే ఫోను సెయ్యొద్దు, ప్లగ్గు పీకమని నువ్వే కదా సెప్పినావు? ఊళ్లో వాళ్లకి సెప్పేదానికేనా నీ సదువు?"

మళ్లీ ఆన్ చేస్తే ఫొటోలన్నీ భద్రంగా ఉన్నాయి. నా పాఠం అమ్మ తలకెక్కింది, నాకే ఎక్కలేదు.

పూజలో అమ్మ కుట్టు మిషన్‌కు, కంప్యూటర్‌కు చిన్న చిన్న బొట్లు పెట్టింది. పెద్ద బొట్టు మాత్రం ప్లగ్గుకు పెట్టింది.